రెండిటిలో ఏది ఉంచాలి?

యూనివర్సిటీ లైబ్రరీలో నువ్వేం చేస్తావే అని మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతుంది. "పుస్తకాలు కొంటానమ్మా" అంటాను. నిజానికి మా డబ్బు ఎక్కువగా పోయేది పుస్తకాలకు కాదు, ఏటేటా చందా కట్టే జర్నళ్ళకూ, డేటాబేసులకూ.

ఆమధ్య బడ్జెట్ కోత పడింది. వెబ్ ఆఫ్ సైన్స్, స్కోపస్‌లలో ఒకటే ఉంచమన్నారు.

పిల్లలకోసం ఒక్క మాట. శాస్త్రవేత్త వ్యాసం రాస్తే, ఎవరెవరి వ్యాసాలు ఆధారం చేసుకున్నాడో చివర చెప్పాలి. వాటన్నిటినీ పోగుచేసి, ఫలానా వ్యాసాన్ని తర్వాత ఎవరు వాడుకున్నారో చూపేదే సైటేషన్ డేటాబేస్. ఫిలడెల్ఫియాలో యూజీన్ గార్‌ఫీల్డ్ 1964లో మొదలుపెట్టిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్ నుంచి వెబ్ ఆఫ్ సైన్స్ వచ్చింది. స్కోపస్‌ను ఎల్సెవియర్ సంస్థ 2004లో తెచ్చింది. ఉచితంగా దొరికే గూగుల్ స్కాలర్‌దీ అదే ఏడు.

"ఉచితంగా ఉంటే డబ్బెందుకమ్మా?" అన్నాడు మా అబ్బాయి. మంచి ప్రశ్నే! గూగుల్ స్కాలర్‌లో దొరకనిది తక్కువ. కానీ ఏ పత్రికలు చేర్చారో పట్టిక ఇవ్వరు, ఫలితాలను మొత్తంగా దింపుకోనివ్వరు. లెక్క చూపాల్సినచోట అది చాలదు.

అన్ని విభాగాల నుంచీ కొందరి వ్యాసాల పట్టికలు తీసుకుని రెండిటిలోనూ వెతికాం. కెమిస్ట్రీ వాళ్ళకు ఏదైనా ఒకటే. చరిత్ర, సాహిత్యం వాళ్ళు పుస్తకాలు రాస్తారు కనుక రెండిటిలోనూ అన్యాయమే. పత్రికల సంఖ్యలో స్కోపస్‌ది పైచేయి. అయితే అందులో 1970 తర్వాతి వ్యాసాల ప్రస్తావనలే ఉంటాయి. మా వెబ్ ఆఫ్ సైన్స్ చందా 1900 దాకా వెళ్ళేది.

ఈ వెతుకులాటలోనే మన తెలుగు ప్రొఫెసర్ గారొకరి సంగతి బయటపడింది. ఇండియాలో రాసిన వ్యాసాల్లో ఆయన ఇంటిపేరు ముందుంది, ఇక్కడ రాసినవాటిలో వెనకుంది. ఒక డేటాబేస్ ఆయన్ని ముగ్గురు మనుషుల్ని చేసింది! పైగా ఆ ముగ్గురిలో ఒకరి ఖాతాలో ఇంకెవరో శ్రీనివాసరావుగారి వ్యాసాలు. ప్రమోషన్ ఫైలు పెట్టుకునే సమయం, పాపం ఆయనకది నవ్వులాట కాదు. "మన ఇంటిపేర్ల గొడవ కంప్యూటర్‌కు ఎవరు చెబుతారమ్మా?" అన్నారు. దిద్దించడానికి ఆరు వారాలు పట్టింది. 2012లో మొదలైన ఆర్కిడ్ అనే నంబరు ఉచితంగానే ఇస్తారు, పేరు ఎలా రాసినా మనిషి ఒకడేనని అది చెబుతుంది. రీసెర్చిలో చేరే మన పిల్లలు మొదటి వ్యాసానికి ముందే అది తీసుకుని, పేరు ఒకే తీరుగా రాయండి.

పారిస్‌లోని సోర్బాన్ యూనివర్సిటీ 2024లో వెబ్ ఆఫ్ సైన్స్ మానేసి, 2022లో వచ్చిన ఓపెన్‌అలెక్స్ అనే ఉచిత డేటాబేస్ వైపు మళ్ళింది. మేమంత ధైర్యం చేయలేదు. ఇంజనీరింగ్, మెడికల్ వాళ్ళ మాట నెగ్గి స్కోపస్ ఉంచాం. ఫిజిక్స్ విభాగంలో ఒక పెద్దాయన మాత్రం నేను ఎదురుపడితే చాలు, 1970కి ముందు లోకం లేదా అని అడుగుతారు.