ఐరోపా నాగరకత – లేఖన సంప్రదాయము

ఐరోపా నాగరకతను గూర్చి మన పాఠశాలలలో చెప్పబడు కథ మిక్కిలి సులభమైనది. గ్రీకులు విద్యలను కనిపెట్టిరి; రోమకులు వానిని తమ సామ్రాజ్యమున వ్యాపింపజేసిరి; నడుమ కొన్ని శతాబ్దములు చీకటి క్రమ్మెను; పిమ్మట పునరుజ్జీవనము కలిగి యాధునికయుగ మారంభమయ్యెను. ఒకే నది యొకచో ఇసుకలో ఇంకిపోయి మఱియొకచో పైకి వచ్చినట్లుండు నీ కథ పిల్లల కంఠపాఠమునకు అనుకూలమే. కాని వ్రాతప్రతులతో పరిచయముగల వారి కిది తృప్తి నొసగదు. గ్రంథము తనంతట నిలువదని తాటాకు పుస్తకములను పరిశోధించు వారెల్లరు ఎఱుగుదురు. చెదలు, తడి, నిప్పు, అశ్రద్ధ – వీని నడుమ నెవ్వరో యొకరు పూని మరల వ్రాసినప్పుడే యది బ్రతుకును. ఈ దృష్టితో చూచినచో ఐరోపా చరిత్రము వేఱుగా కన్పట్టును. గ్రీకుదేశము వ్రాత నొకమాఱు పూర్తిగా మఱచిపోయినది. పశ్చిమైరోపా రెండవమాఱు మఱచుటకు సిద్ధమై తప్పించుకొన్నది. మొదటిసారి యేల పోయెను, రెండవసారి యేల నిలిచెను అనుటయే ఇచట విచారణీయము.

లిపికి పూర్వపు కాలము మిక్కిలి దీర్ఘము. ఫ్రాన్సుదేశమున 1994 లో బయల్పడిన షోవే గుహలోని చిత్తరువులలో కొన్ని 30,000 ఏండ్లకు పైబడినవి. స్పెయినునందలి అల్తమీరా గుహాచిత్రములు 1879 లో కనుగొనబడినప్పుడు పండితు లనేకులు వానిని కపటమని త్రోసివేసిరి. ఆదిమానవున కంతటి నేర్పు కలదని యొప్పుకొనుటకు వారికి 1902 వఱకు పట్టినది. పండితుల సందేహము లెల్లప్పుడును వివేకమునుండియే పుట్టవు. వ్యవసాయము ఐరోపాలో పుట్టినది కాదు, క్రీ. పూ. 7000–6000 నడుమ ఆసియామైనరునుండి గోధుమలు, యవలు, మేకలు, గొఱ్ఱెలు గ్రీసునకు వచ్చి, అచటినుండి పడమటికి ప్రాకినవి.

ఇక లిపి. క్రీటు ద్వీపమున క్నోసోసు రాజగృహమును 1900 లో ఆర్థర్ ఇవాన్సు త్రవ్వింపగా రెండు విధములైన రేఖాలిపులుగల మట్టిపలకలు దొరికినవి. మొదటిది నేటికిని చదువబడలేదు. రెండవదానిని 1952 లో మైకేల్ వెంట్రిసు అను నొక గృహనిర్మాణశిల్పి ఛేదించి, అందలి భాష గ్రీకేయని నిరూపించెను. ఈ లిపి స్వభావము తెలుగువారికి సుగ్రాహ్యము. అందొక్కొక్క చిహ్నము సామాన్యముగా హల్లును అచ్చును కలిసిన యక్షరము. కాని మన క, కి, కు లకుగల రూపసంబంధము దానిలో లేదు. ఒత్తులు అసలే లేవు. అందువలన క్నోసోసు అను పేరును ‘కో-నో-సో’ అనియు, కంచునకు గ్రీకుమాటయగు ‘ఖల్కోస్’ అను దానిని ‘క-కో’ అనియు వ్రాసికొనవలసి వచ్చెను. మిగిలినది చదువరి యూహకు విడువబడినది. ఇట్టి లిపి, లెక్కలన్నియు ముందే తెలిసిన కొలువు వ్రాయసకానికి చాలును, కావ్యమునకు చాలదు. పలకలలో నున్నవియు లెక్కలే. గొఱ్ఱె లెన్ని, నూనె యెంత, రథచక్రము లెన్ని, ఏ దేవతకు ఏమి కానుక. పద్య మొక్కటియు లేదు.

క్రీ. పూ. 1200 ప్రాంతమున గ్రీసునందలి రాజగృహములు తగులబడినవి. దండయాత్రలు, కఱవు, భూకంపములు, లోపలి తిరుగుబాటులు అని పలువురు పలు కారణములు చెప్పుదురు; వాదము తీరలేదు. రాజగృహముతోడనే వ్రాయసకాండ్రును, వారితో లిపియు పోయినవి. సైప్రసు ద్వీపమున తప్ప గ్రీకులు దాదాపు 400 ఏండ్లు వ్రాత యెఱుగరైరి. విచిత్రమేమనగా, ఆ పలకలు ఎండబెట్టినవే కాని కాల్చినవి కావు; రాజగృహమును దహించిన నిప్పే వానిని ఇటుకలవలె గట్టిపఱచి మనకు దక్కించినది.

క్రీ. పూ. 8 వ శతాబ్దమున గ్రీకులు ఫినీషియనులనుండి 22 అక్షరముల క్రొత్త లిపిని గైకొనిరి. అది హల్లుల లిపి. తమ భాషలో లేని హల్లుల గుర్తులను గ్రీకులు అచ్చులకు మార్చుకొనిరి. ‘ఆలెఫ్’ ఇట్లే ‘ఆల్ఫా’ యయ్యెను. ఇటలీ తీరమున ఇస్కియా ద్వీపములో 1954 లో దొరికిన యొక మట్టిపాత్రపై ఆ శతాబ్దపు వ్రాత మూడు పంక్తులు కలదు. అందు రెండు హోమరు కావ్యముల ఛందస్సులోనివి. మొదటి లిపి లెక్కలకై పుట్టి కొలువులో చచ్చినది. రెండవది విందులోని పాత్రపై పద్యముగా పొడచూపినది. నా యభిప్రాయమున ఐరోపా వాఙ్మయచరిత్ర మంతయు నీ భేదముపై నిలిచినది.

ఏథెన్సు తత్త్వశాస్త్రము, అలెగ్జాండ్రియా గణితము, రోమకుల ధర్మశాస్త్రము ప్రసిద్ధములు గావున విస్తరింపను. వానిలో నిలిచిన దెంతయో చూడుడు. సొఫోక్లీసు దాదాపు 120 నాటకములు వ్రాసెను. సంపూర్ణముగా మిగిలినవి 7. లివీ రచించిన రోము చరిత్రము 142 సంపుటములు, మిగిలినవి 35. పపైరసు చుట్టలు ఐరోపా తడికి తాళలేవు. తోలు పుటలపైకి తిరిగి వ్రాయబడినవి నిలిచినవి, తక్కినవి పోయినవి.

క్రీ. శ. 476 లో పశ్చిమరోమక సామ్రాజ్యము కూలినప్పుడు మైసీనీనాటి గతియే పట్టవలసినది. పట్టలేదు. కారణము స్పష్టము: అప్పటికి వ్రాత యొక్క కొలువున కాక వందల మఠములలో నుండెను. రాజోద్యోగము విడిచిన కస్సియొడోరసు 6 వ శతాబ్దమున దక్షిణైటలీలో మఠము స్థాపించి, గ్రంథములకు ప్రతులు వ్రాయుట పుణ్యకార్యమని సన్న్యాసులకు బోధించెను. అయితే ఈ సన్న్యాసులను మితిమీఱి పొగడరాదు. తోలు మిక్కిలి ప్రియమైనది గనుక వారు పాతవ్రాతను గీకివేసి దానిపై క్రొత్తది వ్రాసిరి. కికెరో రాజనీతి గ్రంథములో పెద్దభాగము ఇట్లు అగస్టీను వ్యాఖ్యానము క్రింద దాగియుండి 1819 లో బయల్పడెను. గీకినవారే కాపాడినవారును!

800 లో చక్రవర్తియైన షార్లమేను కాలమున ఆల్క్విను మొదలగు పండితుల యాదరణవలన గుండ్రని స్పష్టమైన చిన్నక్షరములు వ్యాపించినవి. లాటిను ప్రాచీనగ్రంథములలో పెక్కింటికి మనకు దొరకు తొలిప్రతులు ఆ కాలపువే. 15 వ శతాబ్దపు ఇటాలియను పండితులు ఈ ప్రతులను చూచి, అవి ప్రాచీనరోమకుల చేవ్రాతయేయని భ్రమించి, ఆ యక్షరములనే యనుకరించిరి. నేటి రోమనులిపి అచ్చక్షరములు ఆ భ్రమయొక్క సంతానము. ‘చీకటియుగ’మని యెవరిని నిందించిరో వారి దస్తూరినే వారు పూజించిరి.

గ్రీకుశాస్త్రములు వేఱు త్రోవను వచ్చినవి. బాగ్దాదులో అరబ్బీలోనికి పరివర్తితములైన గ్రంథములను 12 వ శతాబ్దమున టొలీడోలో గెరార్డు మొదలగువారు లాటినులోనికి మార్చిరి. 1202 లో పీసాపురవాసి లియొనార్డో తన గణితగ్రంథమున భారతీయుల తొమ్మిది అంకెలను, సున్నను బోధించెను. కాగితమును చీనాలో పుట్టి, అరబ్బులచేతులమీదుగా స్పెయిను, ఇటలీలను చేరినది. 1455 ప్రాంతమున మైంజి నగరమున గూటెన్‌బర్గు బైబిలును సుమారు 180 ప్రతులు అచ్చొత్తించెను. 1500 నాటికి దాదాపు 30,000 ముద్రణములు వెలువడినవి. కోపర్నికసు గ్రంథము 1543 లో వెలువడినది. 1665 నుండి లండనులోని రాయల్ సొసైటీవారి పత్రిక శాస్త్రజ్ఞుల విమర్శలను ఊరూరికి చేర్చినది. అయితే అచ్చుయంత్రమునకు వివేకము లేదు. మంత్రకత్తెలని స్త్రీలను వేటాడు పద్ధతిని బోధించు గ్రంథమును 1486–87 ప్రాంతమున అదే యంత్రము ప్రచురించినది.

తమ వ్రాతలను ఇంత శ్రమపడి కాపాడుకొన్నవారు ఇతరుల వ్రాతలను కాల్చిరి. 1562 లో యుకటానునందు దియేగో ద లాందా యను క్రైస్తవసన్న్యాసి మాయాజాతివారి పుస్తకములను రాశిపోసి తగులబెట్టించెను. నేడు ఆ జాతి పుస్తకములు నాలుగు మాత్రము మిగిలినవి. తమవియు కాల్చిరి. లూవాను విశ్వవిద్యాలయపు పుస్తకభాండాగారము 1914 లో కాలినది. మరల కట్టగా 1940 లో మరల కాలినది. 1933 లో బెర్లినునగర వీథిలో విద్యార్థులే పుస్తకములను నిప్పున వేసిరి. బెనెడిక్టు స్థాపించిన మాంటెకసీనో మఠము 1944 ఫిబ్రవరిలో బాంబులచే నేలమట్టమైనది; దాని వ్రాతప్రతులు కొన్ని నెలలకు ముందే రోమునకు తరలింపబడుటచే దక్కినవి.

క్రీ. శ. 79 లో వెసూవియసు ప్రేలినప్పుడు హెర్కులేనియములో నొక ధనికుని గృహమందలి పపైరసుచుట్టలు బొగ్గులైపోయినవి. 1752 లో త్రవ్వకములలో అవి దొరికినది మొదలు, విప్పబోయిన వారి చేతులలో అనేకములు పొడియైనవి. 2023 లో ఒక చుట్టను విప్పకయే, కిరణములతో చిత్రించి గణనయంత్రముల సాయమున అందొక మాటను చదివిరి. దాని యర్థము ‘ఊదారంగు’. మఱుసటియేట సుఖమును గూర్చియు సంగీతభోజనములను గూర్చియు తత్త్వవిచారముగల పెక్కు పంక్తులు తెలియవచ్చినవి. తక్కిన వందలకొలది చుట్టలు నేపుల్సు నగరపు పుస్తకభాండాగారమున నింకను విప్పబడక యున్నవి.