పసుపు చుక్కల సాక్ష్యం

ఈ కాగితం ఫలానా ప్రింటర్ నుంచే వచ్చిందని తేల్చడం ఎలా? కలర్ లేజర్ ప్రింటరైతే చాలాసార్లు జవాబు ఆ కాగితం మీదే ఉంటుంది, మన కంటికి ఆనదు అంతే.

1980ల్లో కలర్ కాపియర్లతో దొంగనోట్లు అచ్చేస్తారన్న భయం పట్టుకుంది. దానికి విరుగుడుగా జిరాక్స్ కంపెనీ తన యంత్రాలకు ఒక రహస్య ముద్ర నేర్పింది: పేజీ నిండా మిల్లీమీటరులో పదో వంతు ఉండే పసుపు చుక్కలు. పసుపే ఎందుకు? పసుపు టోనర్ నీలి కాంతిని మింగి మిగతాది తిప్పి పంపుతుంది. వెలుగు ఎంతుందో అంచనా వేసేటప్పుడు మన కన్ను నీలాన్ని పెద్దగా లెక్కచేయదు. అందుకే తెల్లకాగితంలో ఆ చుక్క కలిసిపోతుంది. చీకటి గదిలో నీలి ఎల్‌ఈడీ వేసి భూతద్దం పట్టండి, చుక్కలు నల్లగా బయటపడతాయి.

2005లో అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ జిరాక్స్ డాక్యుకలర్ ప్రింటర్ల గుట్టు విప్పింది. ముగ్గు లెక్కలో చెప్పాలంటే 15 చుక్కలు, 8 వరుసలు. నిమిషం, గంట, తేదీ, నెల, సంవత్సరం, సీరియల్ నంబరు నిలువు వరుసల్లో ఉంటాయి. కింది నుంచి చుక్కల విలువ 1, 2, 4, 8, 16, 32, 64. 20వ నిమిషమైతే 16 దగ్గర ఒకటి, 4 దగ్గర ఒకటి. నాకు ముచ్చటేసేది అన్నిటికంటే పైనున్న ఎనిమిదో చుక్క. ప్రతి నిలువులోనూ చుక్కలు బేసి సంఖ్యలోనే ఉండాలి. రెండే పడ్డాయి కనుక పైన మూడోది చేరుతుంది. అక్షరం కింద పడి ఒక చుక్క కనబడకపోతే లెక్క సరిసంఖ్యై దొరికిపోతుంది. అడ్డవరుసలకూ ఇదే తనిఖీ కనుక, పోయిన చుక్క ఏదో కూడా తెలుస్తుంది.

2017లో ఇంటర్‌సెప్ట్ పత్రిక ప్రచురించిన అమెరికా నిఘా పత్రం మీద ఈ చుక్కల్ని చదివినవాళ్లకు మే 9, ఉదయం 6:20 అని తేలింది. అయితే ఆ పత్రాన్ని లీక్ చేసిన రియాలిటీ విన్నర్ మీద వేసిన ఎఫ్‌బీఐ అఫిడవిట్‌లో చుక్కల ఊసు లేదు. కాగితం మడతలు, ప్రింట్ తీసిన ఆరుగురి వివరాలున్న లాగ్ ఉన్నాయి.

నలుపు తెలుపు ప్రింటర్లకు పసుపు టోనరే ఉండదు. అక్కడ పర్డ్యూ యూనివర్సిటీ పరిశోధకులు గేర్ల లోపాల వల్ల అచ్చులో పడే సన్నటి చారలతో యంత్రాన్ని గుర్తుపట్టే దారి చూపారు. 2018లో జర్మనీలోని డ్రెస్డెన్ టెక్నికల్ యూనివర్సిటీ కలర్ ప్రింటర్ల పసుపు చుక్కల్ని చదివే, మరుగుపరిచే సాఫ్ట్‌వేర్ విడుదల చేసింది.

చుక్కలు చెప్పేది యంత్రం పేరు, దాని గడియారంలో ఉన్న సమయం. ప్రింట్ కొట్టిందెవరో, అందులో రాసింది నిజమో కాదో అవి చెప్పవు. ఆ కాస్త సాక్ష్యమూ నలుపు తెలుపు కాపీలో మిగలదు. ముఖ్యమైన పత్రమైతే ఒరిజినల్‌ను చేజార్చుకోకండి.