ఇంటి మాటతోనే బడికి

నాలుగేళ్ళ పిల్లకు ఏబీసీడీలు, వంద దాకా అంకెలు, నాలుగు ఇంగ్లీషు రైములు వచ్చేస్తే బడికి సిద్ధమైనట్టేనని తిరుపతి, చిత్తూరు ఇళ్ళలో చాలామంది లెక్క. ఆ పిల్ల ఇంట్లో ఏ భాష మాట్లాడుతుందన్నది ఈ లెక్కలోకి రాదు. ఈ ప్రాంతంలో అదే మొదట అడగవలసిన ప్రశ్న. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి పోయినా నగరి, పుత్తూరు, సత్యవేడు ప్రాంతాల్లో తమిళం ఇళ్ళలోనే ఉండిపోయింది. కుప్పంలో తమిళానికి కన్నడం తోడు. పలమనేరు, పుంగనూరుల్లో ఉర్దూ వినిపిస్తుంది, ఎరుకల కుటుంబాలకు వాళ్ళ సొంత భాష ఉంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది గానీ భాషలు ఆ గీత చూసుకుని విడిపోలేదు.

బడికి సిద్ధం కావడమంటే అక్షరాలు దిద్దడం కాదు. చెప్పిన కథ విని తర్వాత ఏమైందో చెప్పగలగడం, ఏది పెద్దదో ఏది చిన్నదో పోల్చగలగడం, తెలియనిది అడగగలగడం. ఈ శక్తులు పసితనంలో బాగా వచ్చిన భాషలోనే పెరుగుతాయి, పెరిగాక రెండో భాషకు అక్కరకొస్తాయి. కెనడా పరిశోధకుడు జిమ్ కమిన్స్ 1979లో ప్రతిపాదించింది ఇదే. అంతకు ముందే, 1970లో, నైజీరియాలోని ఇఫేలో ఒక ప్రయోగం మొదలైంది. కొందరు పిల్లలకు ప్రాథమిక బడి ఆరేళ్ళూ వాళ్ళ ఇంటి భాష యొరుబాలోనే పాఠాలు చెప్పి, ఇంగ్లీషును ఒక సబ్జెక్టుగా నేర్పారు. మూడేళ్ళు చదవగానే ఇంగ్లీషు మాధ్యమంలోకి మారిన పిల్లల కంటే వీళ్ళు చదువులో ముందున్నారు, ఇంగ్లీషులోనూ వెనకబడలేదు. ఇంటి భాషను పట్టించుకోకపోతే ఏమవుతుందో చూడటానికి అంత దూరం పోనక్కర్లేదు. తమిళంలో క, గ గానీ త, ద గానీ వేర్వేరు అక్షరాలు కావు, ఏ ధ్వని పలకాలో మాటలో అక్షరం ఉన్న చోటును బట్టి తేలుతుంది. ఆ అలవాటుతో వచ్చిన పిల్ల తెలుగు పలక మీద ‘గ’ బదులు ‘క’ రాస్తే అది మందబుద్ధి కాదు. తన భాష నియమాన్ని ఆ పిల్ల శ్రద్ధగా పాటిస్తోంది. ఈ సంగతి తెలిసిన టీచర్ రెండు ధ్వనులూ పక్కపక్కన వినిపిస్తుంది. తెలియని టీచర్ వెనక బెంచీకి పంపుతుంది.

శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో ఉద్యోగం కావాలంటే ఇంగ్లీషు వద్దా అని తల్లిదండ్రులు అడుగుతారు. కావాలి, అందులో వాదన లేదు. ఏది ముందన్నదే ప్రశ్న. 2019లో రాష్ట్ర ప్రభుత్వం ఇంగ్లీషు మాధ్యమం తెస్తూ ఉత్తర్వు ఇచ్చినప్పుడూ, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసినప్పుడూ గొడవంతా తెలుగా ఇంగ్లీషా అన్నచోటే తిరిగింది. ఆ రెండూ ఇంటి భాషలు కాని పిల్ల ఊసు పెద్దగా ఎత్తిందెవరు? రెండు భాషలైతే పిల్లలు తికమకపడతారన్న భయానికి మాత్రం ఆధారం తక్కువ. రెండేళ్ళ పిల్లలే ఎదుటి మనిషిని బట్టి భాష మార్చగలరని పరిశోధనలు చూపాయి. ఒకే వాక్యంలో రెండూ కలిపేయడం మన పెద్దలూ చేసే పనే.

ఒక టీచర్ నాలుగు భాషల్లో ఎలా నెట్టుకొస్తుందన్న అభ్యంతరం వీటన్నిటికంటే బరువైనది. తిరుపతి నగరంలో ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కుటుంబాల మధ్య ఇది తేలిక కాదు. 2004లో ఉమ్మడి రాష్ట్రం ఎనిమిది గిరిజన భాషల్లో బోధన మొదలుపెట్టింది, ఎరుకల వాటిలో లేదు. ప్రతి భాషకూ పుస్తకం వచ్చేదాకా ఆగితే ఒక తరం బడి దాటిపోతుంది. అయితే ఇక్కడ కావలసింది నాలుగు మాధ్యమాలు కాదు. టీచర్ తెలుగులో కథ చెబుతుంది, పిల్ల తమిళంలోనో ఉర్దూలోనో బదులిస్తే అది సరైన జవాబేనని ఒప్పుకుంటుంది. వారానికోసారి ఏ అవ్వనో పిలిచి ఆమె భాషలో కథ చెప్పిస్తుంది. 1975 నుంచీ ఉన్న ఐసీడీఎస్ పథకంలో అంగన్‌వాడీ టీచర్‌ను స్థానికుల్లోంచే తీసుకుంటారు, కాబట్టి సరిహద్దు ఊళ్ళలో ఆమెకు వీధి భాష చాలావరకు వచ్చే ఉంటుంది. శిక్షణలో దాన్నొక అర్హతగా చూడాలి. ద్రావిడ భాషల కోసమే 1997లో కుప్పంలో విశ్వవిద్యాలయం పెట్టుకున్నాం. ఆ పాండిత్యం శిక్షణ పుస్తకాల దాకా దిగివస్తే ఇంకా మంచిది. ఈలోగా అంగన్‌వాడీ నుంచి ఒకటో తరగతికి పంపేటప్పుడు పిల్ల వివరాల్లో ‘ఇంట్లో మాట్లాడే భాష’ అని ఒక గడి చేర్చడానికి కొత్త నిధులేమీ అక్కర్లేదు.