మూడో పేజీ వెనక ఎవరి ఉత్తరం?

రెండొందల మంది కస్టమర్లకు బాకీ వివరాల ఉత్తరాలు. వర్డ్‌లో మెయిల్ మెర్జ్ చేశారు, ఒక్కోటి మూడు పేజీలు వచ్చింది. కాగితం మిగులుతుందని రెండువైపులా ప్రింటు పెట్టారు. తీరా కవర్లలో పెట్టేటప్పుడు చూస్తే, మొదటాయన మూడో పేజీ వెనక రెండో ఆయన పేరు, చిరునామా, బాకీ!

ఎందుకిలా అయింది?

పేజీ వేరు, కాగితం వేరు కాబట్టి. ఒక్కో ఉత్తరం తర్వాత వర్డ్ మామూలుగా పెట్టేది ‘నెక్స్ట్ పేజ్’ రకం సెక్షన్ బ్రేక్. అది కొత్త పేజీ కావాలంటుందే తప్ప కొత్త కాగితం కావాలనదు. మూడో పేజీ రెండో కాగితం ముందువైపు పడితే, నాలుగోది దాని వెనక్కే పోతుంది. ఆరో పేజీతో రెండో ఉత్తరం అయిపోతుంది గనక మూడో ఉత్తరం మళ్లీ కొత్త కాగితం మీద చక్కగా మొదలవుతుంది. ఇలా ఇద్దరిద్దరు ఒక కాగితానికి చిక్కుకుంటారు. ఒక్క ఉత్తరం తీసి సరిచూసుకుంటే ఈ లోపం ఎన్నటికీ బయటపడదు. కనీసం రెండు తీయాలి.

మూడో పేజీ తర్వాత ఎంటర్లు కొట్టి ఖాళీ పేజీ పెడితే?

పని జరిగినట్టే ఉంటుంది. ఎవరి చిరునామానో పెరిగి ఉత్తరం నాలుగో పేజీలోకి జారిందా, లెక్క తిరగబడుతుంది.

మరెలా?

మెర్జ్ చేయకముందే అసలు ఉత్తరంలో పేజ్ సెటప్ తెరవండి. లేఅవుట్ భాగంలో ‘సెక్షన్ స్టార్ట్’ దగ్గర ‘ఆడ్ పేజ్’ ఎంచుకోండి. ఇక ప్రతి ఉత్తరమూ బేసి పేజీలోనే, అంటే కాగితం ముందువైపే మొదలవుతుంది. పుస్తకాల్లో అధ్యాయాన్ని కుడిచేతి పేజీలో మొదలుపెట్టే పాత అలవాటే ఇది. ఉత్తరం బేసి పేజీతో ముగిస్తే వర్డ్ తనే ఒక ఖాళీ పేజీ వేస్తుంది, సరి పేజీతో ముగిస్తే వేయదు. ఆ ఖాళీ పేజీ రాసేటప్పుడు తెరమీద కనిపించదు, ప్రింటులోనే వస్తుంది. దాని మీద హెడరూ ఉండదు, ఫుటరూ ఉండదు.

‘3లో 1వ పేజీ’ అని వేయాలంటే?

మొత్తం పేజీలకు ‘నమ్‌పేజెస్’ ఫీల్డు వాడితే అది రెండొందల ఉత్తరాల పేజీలనూ కలిపి లెక్కపెడుతుంది. దాని బదులు ‘సెక్షన్‌పేజెస్’ వాడండి.