పొత్తిళ్లలో నిద్ర: నవజాత శిశువును సురక్షితంగా చుట్టే విధానం – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం: నవజాత శిశువును పలుచని గుడ్డలో చుట్టి నిద్రపుచ్చడం అనేక సమాజాల్లో తరతరాలుగా ఉన్న ఆచారం. దీనివల్ల కలిగే మేలూ ముప్పూ చుట్టే తీరుపై ఆధారపడి ఉంటాయి. పడుకోబెట్టే భంగిమ, తుంటి కీళ్ల కదలిక, శరీర ఉష్ణం, ఆచారాన్ని మానవలసిన సమయం అనే నాలుగు అంశాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: పొత్తిళ్లు, నవజాత శిశువు, ఆకస్మిక శిశుమరణం, తుంటి కీలు, సురక్షిత నిద్ర.

1. ఉపోద్ఘాతం:
పసిబిడ్డను చుట్టే మెత్తని గుడ్డలను తెలుగులో పొత్తిళ్లు అంటారు. ‘పొత్తిళ్లలో బిడ్డ’ అనే పలుకుబడి ఈ ఆచారం నుంచి వచ్చినదే. క్రీ.శ. 2వ శతాబ్దికి చెందిన గ్రీకు వైద్యుడు సొరానస్ తన స్త్రీవైద్య గ్రంథంలో శిశువును చుట్టే పద్ధతిని వివరించాడు. 1762లో వెలువడిన ‘ఎమిల్’ గ్రంథంలో రూసో, ఇది శిశువు స్వేచ్ఛను హరిస్తుందని ఖండించాడు. నేటి శిశువైద్యం ఈ ఆచారాన్ని పూర్తిగా సమర్థించడం లేదు, పూర్తిగా తిరస్కరించడమూ లేదు. కొన్ని నియమాలకు లోబడి మాత్రమే అంగీకరిస్తున్నది.

2. శిశువు ఎందుకు శాంతిస్తుంది?
నవజాత శిశువు నిద్రలో ఉలిక్కిపడి చేతులు విదిలిస్తుంది. దీనిని మోరో ప్రతిచర్య అంటారు. గుడ్డ ఈ కదలికను అదుపు చేస్తుంది కనుక బిడ్డ మాటిమాటికీ మేలుకోదు. అయితే తేలికగా మేలుకోగలగడం శిశువుకు ఒక రక్షణ కూడా. శ్వాసకు ఆటంకం కలిగినప్పుడు మేలుకుని, తల తిప్పి, ఏడవగలగాలి. నిద్రను గాఢం చేసే గుణమే కొన్ని పరిస్థితుల్లో ముప్పుగా మారవచ్చు.

3. పడుకోబెట్టే భంగిమ:
ఏడాదిలోపు శిశువు నిద్రలో హఠాత్తుగా మరణించి, సమగ్ర విచారణ తరువాత కూడా కారణం తేలకపోతే దానిని ఆకస్మిక శిశుమరణం (సిడ్స్) అంటారు. శిశువులను వెల్లకిలా పడుకోబెట్టాలనే ప్రచారం అమెరికాలో 1994లో మొదలైన తరువాత అక్కడ ఈ మరణాలు సగానికి పైగా తగ్గాయి. ఇంగ్లాండ్, టాస్మేనియా, చికాగోలలో జరిగిన నాలుగు అధ్యయనాలను సమీక్షించిన ఒక విశ్లేషణ 2016లో ‘పీడియాట్రిక్స్’ పత్రికలో వెలువడింది. చుట్టిన శిశువుల విషయంలో ముప్పు నిష్పత్తి బోర్లా భంగిమలో సుమారు 13, పక్కకు ఒత్తిగిల్లిన భంగిమలో సుమారు 3, వెల్లకిలా సుమారు 2గా అందులో తేలింది. అధ్యయనాల సంఖ్య స్వల్పమే అయినా, చుట్టిన బిడ్డను బోర్లాగానీ పక్కకుగానీ పడుకోబెట్టరాదన్నది స్పష్టం. చేతులు బంధింపబడిన శిశువు పరుపులో కూరుకున్న ముఖాన్ని పైకెత్తుకోలేదు.

4. తుంటి కీళ్లు – జపాన్ అనుభవం:
గర్భస్థ శిశువు కాళ్లు ముడుచుకుని ఉంటాయి. పుట్టిన నాటికి తుంటి గిన్నె అధికభాగం మృదులాస్థే. ఆ దశలో కాళ్లను బలవంతంగా చాపి బిగించి కడితే తొడ ఎముక తల గిన్నెలో నుంచి తొలగే ప్రమాదం ఉంది. కాళ్లు వంకర పోకుండా ఉండాలని తిన్నగా కట్టే అలవాటు అందువల్ల అపకారమే చేస్తుంది. జపాన్‌లో 1975 నుంచి దీనిపై ప్రచారం జరిగింది. కాళ్లు చాపి చుట్టవద్దని అమ్మమ్మలకు, నాయనమ్మలకు బోధించారు. అంతకుముందు 1.1 నుంచి 3.5 శాతం వరకు ఉన్న తుంటి తొలగుబాటు దాదాపు 0.2 శాతానికి తగ్గింది.

5. చుట్టే విధానం:
పలుచని నూలుగుడ్డను వజ్రాకారంలో పరచి, పైకొనను లోపలికి మడవాలి. బిడ్డ భుజాలు ఆ మడతకు సమంగా ఉండాలి. ఒక పక్క కొసను ఛాతీమీదుగా తెచ్చి వీపుకింద దోపాలి. రెండవ కొసనూ అట్లాగే చేయాలి. ఛాతీకీ గుడ్డకూ నడుమ రెండు వేళ్లు దూరేంత సందు ఉండాలి. కింది భాగాన్ని వదులుగా మడిస్తే మోకాళ్లు వంచి, తొడలు విప్పార్చే వీలుంటుంది. గుడ్డ ముఖంమీదికి జారకూడదు.

పక్క చదునుగా, గట్టిగా ఉండాలి; దిండ్లు, బొంతలు ఉండరాదు. చీర ఉయ్యాలలో వీపు వంగి గడ్డం ఛాతీకి ఆనే అవకాశం ఉంది కనుక అది ఈ నిద్రకు తగదు. పెద్దల పక్కలో చుట్టిన బిడ్డను పడుకోబెట్టడమూ ప్రమాదమే. మన వేసవిలో ఒక్క పొర చాలు. మెడ చెమర్చినా, ఛాతీ వేడిగా తగిలినా వెంటనే విప్పాలి. ఆకలిగొన్న శిశువు చేతిని నోటికి చేర్చుకుంటుంది. గుడ్డ ఆ సూచనను మరుగుపరుస్తుంది. అందువల్ల పాలవేళకు విప్పడం అవసరం.

6. ఎప్పుడు మానాలి?
శిశువు బోర్లాపడే ప్రయత్నం చేసిన తొలి సూచనతోనే చుట్టడం మానాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇది సాధారణంగా 3–4 నెలల వయసులో, కొందరిలో ఇంకా ముందే కనిపిస్తుంది. బరువు కూర్చిన చుట్టుగుడ్డలను కూడా ఆ మార్గదర్శకాలు నిరాకరించాయి.

7. ముగింపు:
చుట్టడం తప్పనిసరి కాదు; చుట్టకపోయినా బిడ్డకు లోటు లేదు. చుట్టదలచినవారు మాత్రం వెల్లకిలా పడుకోబెట్టడం, తుంటికి చోటివ్వడం, వేడి పెరగనీయకపోవడం, సకాలంలో మానడం అనే నాలుగు నియమాలను పాటించాలి. తొలికాన్పు పుట్టింట జరిగే మన సమాజంలో బిడ్డకు నీళ్లుపోసి పొత్తిళ్లలో చుట్టే చేతులు తరచుగా అమ్మమ్మవే. తల్లికి ఆసుపత్రిలో చెప్పిన మాట ఆమెకూ చేరాలి. జపాన్ అనుభవం బోధించేది ఇదే: పెద్దల అనుభవాన్ని తోసిపుచ్చకుండా, వారి చేతులమీదుగానే ఆచారాన్ని సరిదిద్దవచ్చు.