పాత దారి మూసేయాలి.. ప్రోగ్రామ్ ఆగకూడదు!

ఫైనలియర్ ప్రాజెక్టులో రాస్‌బెర్రీ పై బోర్డుతో ఎల్ఈడీ వెలిగించారా? ‘ఎక్స్‌పోర్ట్’ ఫైల్లోకి 17 అని పంపే స్క్రిప్టును సీనియర్ల దగ్గర తీసుకున్నారా? కొత్త ఓఎస్ వేశాక అది మొరాయిస్తే కంగారు పడకండి. ఎందుకు ఆగిందో చెప్పగలిగితే ఎంబెడెడ్ ఇంటర్వ్యూలో అదే మీ బలం.

లోపం ఎక్కడ?

లినక్స్‌లో జీపీఐఓ పిన్నులను నడపడానికి చాలా ఏళ్లు సిస్‌ఎఫ్‌ఎస్ ఫైళ్లే దారి. నేర్చుకోవడం తేలికే. కానీ ప్రోగ్రామ్ మధ్యలో ఆగిపోయినా పిన్ను విడుదల కాదు. మీరు వాడుతున్న పిన్నును ఇంకో ప్రోగ్రామ్ మార్చేయొచ్చు. పైగా పిన్ను నంబరు మారదన్న హామీ లేదు. పై 4 బోర్డులో 6.6 కెర్నల్‌తో నంబర్లు 512 నుంచి మొదలయ్యాయి. అంటే నిన్నటి 17 ఇవాళ 529. స్క్రిప్టు ఆగింది అందుకే!

2016లో లినక్స్ 4.8తో క్యారెక్టర్ డివైస్ పద్ధతి వచ్చింది. ఇందులో ఏ చిప్, అందులో ఎన్నో లైన్ అని అడగాలి. ప్రోగ్రామ్ ముగియగానే కెర్నల్ ఆ లైన్‌ను విడిపించేస్తుంది.

వెంటనే తీసేయలేదేం?

నడుస్తున్న ప్రోగ్రాములను చెడగొట్టకూడదన్నది లినక్స్ కెర్నల్‌లో గట్టి నియమం. ఫ్యాక్టరీలోని యంత్రం కూడా పాత ఫైళ్లనే నమ్ముకుని ఉండొచ్చు కదా! అందుకే మెట్టుమెట్టుగా వెళ్లారు. ముందు కొత్త దారి వేశారు. తర్వాత పాతదాన్ని కాలం చెల్లిందిగా ప్రకటించారు. లిబ్‌జీపీఐఓడీ లైబ్రరీతో కొత్త పద్ధతిని సులువు చేశారు. పైకి పాత ఫైళ్లలాగే కనిపిస్తూ, లోపల కొత్త పద్ధతిలో పనిచేసే సిస్‌ఎఫ్‌ఎస్ ప్రాక్సీ కూడా ఉంది. పాత ప్రోగ్రామ్‌కు తేడా తెలియకుండా చూడటమే దీని పని.

మీరేం చేయాలి?

* మీ పాత కోడ్‌లో నేరుగా రాసిన పిన్ను నంబర్లు వెతకండి.
* జీపీఐఓడిటెక్ట్, జీపీఐఓఇన్ఫో కమాండ్లతో చిప్‌లు, లైన్లు చూడండి.
* అదే ప్రాజెక్టును లిబ్‌జీపీఐఓడీతో తిరగరాయండి.
* బోర్డు లేదా? లినక్స్‌లోని జీపీఐఓ-సిమ్ మాడ్యూల్‌తో ఉత్తుత్తి చిప్ తయారుచేసుకుని సాధన చేయొచ్చు.

రెజ్యూమెలో ‘ఎల్ఈడీ ప్రాజెక్టు చేశాను’ అని చాలామంది రాస్తారు. ‘పాత ఇంటర్‌ఫేస్ నుంచి కొత్తదానికి మార్చాను, పని ఆగలేదు’ అని మీరు రాయండి. ఉద్యోగంలో చేరాక మీ చేతికొచ్చేది ఎక్కువగా ఎవరో రాసిన పాత కోడే మరి!