‘మనది ఫలానా పార్టీ’ అని ఎవరు చెప్పారు?

పటాన్‌చెరు, సంగారెడ్డి చుట్టుపక్కల దళితవాడల్లో పెరిగిన మాకు ఓటు హక్కు కంటే ముందే పార్టీ వచ్చింది. ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ‘మనది చెయ్యి గుర్తు’ అనే మాట అన్నం తింటుంటే చెవిన పడింది.

దీన్ని రాజకీయ సామాజికీకరణ అంటారు. 1965లో అమెరికాలో జెన్నింగ్స్, నీమీ హైస్కూలు విద్యార్థుల అభిప్రాయాలను వారి తల్లిదండ్రుల అభిప్రాయాలతో పోల్చి చూశారు. పార్టీ అభిమానం పిల్లలకు బాగానే చేరింది. ప్రజా సమస్యలపై అభిప్రాయాలు అంతగా చేరలేదు. అంటే ఇంట్లో గుర్తు అందుతుంది, దాని వెనకున్న కారణం చాలాసార్లు అందదు.

మా పెద్దలకు కారణాలున్నాయి. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచే లోక్‌సభకు గెలిచారు. అసైన్డ్ పట్టా అందుకున్న ఇళ్లల్లో ‘ఇందిరమ్మ ఇచ్చిన భూమి’ అన్న మాట నిలిచిపోయింది. 1983లో అధికారంలోకి వచ్చిన ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం ఇస్తే, కొన్ని ఇళ్లు సైకిల్ వైపు తిరిగాయి. ఆకలి తీరిన జ్ఞాపకం చిన్నదేమీ కాదు. కానీ పిల్లల దాకా వచ్చేసరికి అది ‘వాళ్ల ఉప్పు తిన్నాం’ అనే రుణంగా మారుతోంది. హక్కుగా రావాల్సింది దయగా గుర్తుండిపోతోంది.

దీనికి భయం తోడవుతుంది. కంపెనీలో కాంట్రాక్టు పని, ఇల్లు, పింఛను అన్నీ లోకల్ లీడర్ చేతిలో ఉన్నాయనుకున్నప్పుడు, కొడుకు వేరే జెండా పట్టుకుంటే తండ్రి గుండెల్లో రాయి పడుతుంది.

నాయకుల ఇళ్లల్లో లెక్క వేరు. రాజనర్సింహ ప్రాతినిధ్యం వహించిన ఆందోల్ నుంచే ఆయన కొడుకు దామోదర కాంగ్రెస్ ఎమ్మెల్యే అయ్యారు. రిపబ్లికన్ పార్టీ నాయకురాలు ఈశ్వరీబాయి కూతురు గీతారెడ్డి కాంగ్రెస్‌లో చేరి, 2009లో జహీరాబాద్ నుంచి గెలిచి మంత్రి అయ్యారు. ఒకరు అదే సీటుకు వచ్చారు, ఒకరు తల్లి పార్టీని దాటి వెళ్లారు. అక్కడ వారసత్వంగా పేరు, పరిచయాలు అందుతాయి. మా వాడల్లో విధేయత ఒక్కటే అందుతుంది.

రాజకీయాల్లో భక్తి నియంతృత్వానికి దారి తీస్తుందని, కృతజ్ఞతకూ హద్దు ఉంటుందని 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ హెచ్చరించారు. పెద్దల మీద గౌరవం పోగొట్టుకోకుండానే మనం ఇంట్లో అడగొచ్చు: ఆ పట్టా భూమి ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది? ఇన్నేళ్ల కాంట్రాక్టు పని ఎందుకు పర్మనెంట్ కాలేదు? పిల్లలకు గుర్తు కంటే ముందు ఈ ప్రశ్నలు అందాలి.